ఆ మలుపులో కెమెరా నిలువుగా ఎందుకు తిప్పాను

మా ఊళ్ళో నలుగురు ఫోటోగ్రాఫర్లు ఒకచోట చేరితే ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. నేను ఎదురుగా కూర్చున్నా చెబుతారు, అంత ధైర్యం వాళ్ళకి. "మేడమ్ అప్పట్లో పెళ్ళికూతుళ్ళ స్పెషలిస్టు. పొద్దున లేస్తే జడలు, వడ్డాణాలు, అన్నీ నిలువు ఫోటోలే. మోటారు సైకిళ్ళ పందేనికి పంపిస్తే అక్కడా చేతి అలవాటు కొద్దీ కెమెరా నిలువుగా తిప్పేసింది. అదృష్టం బాగుండి అదే బెంగళూరు పత్రిక అట్ట మీదికెక్కింది." చివర్లో ఒక నవ్వు.

ఈ కథలో పెళ్ళికూతుళ్ళు నిజం. పత్రిక అట్ట నిజం. మిగిలిందంతా కల్పన. అలవాటు కాదు, అదృష్టమూ కాదు, తెలిసే తిప్పాను. "పోనీలే మేడమ్, మీ మంచికే చెబుతున్నాం కదా" అంటారు. మంచికేనని నాకూ తెలుసు. అలవాటు అంటే తప్పు నాది కాకుండా పోతుంది కదా, అదీ వాళ్ళ ఉద్దేశం. ఆ మాఫీ నాకు అక్కర్లేదు. ఒక మనిషి బతుకు ఆ రోజుతో వేరే దారి పట్టింది. అలవాటని నేను తల ఊపితే దానికి ఎవరూ కారణం కానట్టే. ఇప్పుడు కెమెరాలు పట్టుకుని ఎగబడుతున్న పిల్లలైనా సంగతి సరిగ్గా తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

నేను అనంతపురంలో డిగ్రీ చేసింది డెబ్భైల చివర్లో. మా నాయనది ధర్మవరం పట్టుచీరల వ్యాపారం. మద్రాసు అంగళ్ళకు పంపడానికి చీరల ఫోటోలు తీయించేవాడు. ఒకసారి ఆ పని నాకు అప్పగించాడు. టౌనులో ఒక పాత స్టూడియో ఉండేది. దాని యజమానిని అందరూ సాబ్ అనేవాళ్ళు. ఆయన తీసిన ఫోటోలో అంచు కనబడలేదని నేను కౌంటరు దగ్గర అరగంట గొడవ పెట్టుకున్నాను. సాబ్ కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే నువ్వే తియ్యమ్మా, నేను చూస్తా" అన్నాడు. తీశాను. అంచు కనబడింది, చీర కనబడలేదు. సాబ్ నవ్వి, "ఇంగొకటి తియ్యి" అన్నాడు. అట్లా ఇంకొకటి, ఇంకొకటి అంటూ ఇరవై ఏళ్ళు గడిచాయి.

మగవాళ్ళ ముందు కూర్చోవడానికి ఇబ్బంది పడే ఆడవాళ్ళకి నేను ఉండటం వీలైంది. స్టూడియోకి గిరాకీ పెరిగింది. కానీ నాకు నాలుగు గోడల మధ్య ఊపిరాడేది కాదు. బయటి పనులన్నీ అడిగి మరీ తీసుకునేదాన్ని. లారీ ప్రమాదం, కలెక్టరు పర్యటన, ఎద్దుల బండలాగుడు, ఏదైనా సరే. వెళ్ళే ప్రతిసారీ సాబ్ ఒకే మాట చెప్పేవాడు.

"ముందు అడ్డంగా ఒకటి తియ్యి. ఎవురు యాడుండారో తెలిసేటట్ల. అదయినంక నీ ఇష్టం, ఎంత సింగారమైనా చేసుకో."

"రీలు దండగ కదా సాబ్?"

"రేపు ఎవుడో ఒకడు వచ్చి అడుగుతాడు, ఆ పొద్దు ఆడ ఏముండె అని. అప్పుడు నీ సింగారం జవాబు చెప్పదమ్మా."

ఆయన కోర్టు కేసులకి ఎన్నో ప్రమాదాల ఫోటోలు తీసినవాడు. ఆ అనుభవంతో చెబుతున్నాడని నాకు తెలుసు. తెలిసి కూడా, ముసలాయన చాదస్తం అనుకునేదాన్ని.

ఎనభైల మొదట్లో బెంగళూరు నుంచి ఒక మోటారు ర్యాలీ మా వైపు వచ్చింది. కార్లు, మోటారు సైకిళ్ళు రెండూ ఉండేవి. మడకశిర వైపు నుంచి జిల్లాలోకి దిగి, బత్తలపల్లె మీదుగా మట్టిదారుల్లో పోయి, పామిడి దగ్గర పెన్న ఇసుక దాటాలి. మా జిల్లానే ఎందుకు ఎంచుకున్నారని నిర్వాహకుల్లో ఒకాయన్ని అడిగాను. "మీ దగ్గర పొలాల్లో పైరు లేదు కదమ్మా, తొక్కినా ఎవరూ గొడవ చేయరు" అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు. వరసగా మూడో ఏడు వానలు లేవు. ఊళ్ళకు ఊళ్ళు కరువు పనిలో రాళ్ళు కొట్టి రోడ్లు వేస్తున్నాయి. ఆ సగం వేసిన రోడ్లే వీళ్ళకు పందెం దారులయ్యాయి.

ఆ కరువు పనుల గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. పని జరిగేచోట కంకర కుప్ప మీద ఒక కట్టె గుచ్చి దానికి ఎర్రగుడ్డ కట్టేవాళ్ళు, బండ్లు నిదానంగా పోవాలని. పని అయిపోయినా ఆ గుడ్డ తీసేవాళ్ళు కాదు. నెలల తరబడి ఎండకు పాలిపోతూ అక్కడే ఎగిరేది. జిల్లాలో ఏ దారిలో పోయినా మైలుకొకటి. బస్సు డ్రైవరు దాన్ని పట్టించుకోడు, సైకిలు మనిషి పట్టించుకోడు. చూసీ చూసీ మా కళ్ళకు అవి ఆనడమే మానేశాయి.

ర్యాలీలో మా టౌను మనిషి ఒకడున్నాడు. బస్టాండు వెనక వేరేవాళ్ళ షెడ్డులో మెకానిక్కు. పాత బండి ఒకటి కొని, ఊడదీసి, తనే మళ్ళీ కట్టుకున్నాడు. పోటీ దరఖాస్తుకు ఫోటో కావాలని స్టూడియోకి వచ్చాడు.

"నవ్వల్లా, నవ్వకూడదా అక్కా?"

"దరఖాస్తుకు నవ్వకూడదు."

"సరే, గెలిచినాక నవ్వేది ఒకటి తీస్తువులే."

సాబ్ లోపలినుంచే అరిచాడు. "ఏమప్పా, ముందు ఆ గ్రీసు కడుక్కో. నెగెటివ్‌కి అంటుతాది."

బెంగళూరు మోటారు సైకిళ్ళ కంపెనీ ఒకటి అతని బండి పనితనం చూసిందట. ఈ ర్యాలీలో రెండు చక్రాల బండ్లలో మొదటివాడిగా వస్తే తమ జట్టులోకి తీసుకుంటామని మాటిచ్చిందట. నెల జీతం, కొత్త బండి, దేశమంతా పోటీలు. "ఇవి నా ఊరి రోడ్లక్కా. ఈడ గెలవకపోతే నేను ఇంగ యాడా గెలవను" అన్నాడు. బింకం కాదది, లెక్క. ఆ మనిషికి అదొక్కటే తలుపు, అది ఒక్కసారే తెరుచుకుంది.

నాకూ ఒక తలుపు తెరుచుకుంది. ముందు రోజు సాయంత్రం ర్యాలీవాళ్ళు దిగిన లాడ్జిలో బెంగళూరు మోటారు పత్రిక సంపాదకుడు స్థానిక ఫోటోగ్రాఫర్లను పిలిపించాడు. నలుగురం వెళ్ళాం. నన్ను చూసి రిసెప్షన్ వైపు నుంచి దారి తప్పి వచ్చాననుకున్నాడు. నా ఫోటోలు చూశాక గొంతు మారింది, కన్నడం కలిసిన తెలుగులో చెప్పాడు.

"నోడమ్మా, లోపలి పేజీలకి అడ్డం ఫోటోలు మా దగ్గర గుట్టలుగా ఉండాయి. అట్టకి నిలువుది కావాల. పైన పత్రిక పేరుకి జాగా వదులు. ఒక్క బండి, ఒక్క మనిషి. పక్కన గుంపు గింపు వద్దు."

కుర్రవాళ్ళ కోసం ఇక్కడ కొంచెం పాఠం. పక్కనుంచి దూసుకుపోయే బండికి అడ్డం ఫ్రేము కావాలి. బండి ముందర ఖాళీ వదిలితే అది ఎటు పోతోందో చూసేవాడికి తెలుస్తుంది. ఎదురుగా వచ్చే మోటారు సైకిలు వేరు. చక్రం, హ్యాండిలు, దాని మీద మనిషి, వెనక లేచే దుమ్ము, అన్నీ ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. దానికి నిలువే అందం. నిలువు ఫ్రేము మనిషిని గొప్పవాణ్ణి చేస్తుంది. అడ్డం ఫ్రేము ఆ గొప్పవాడు ఎక్కడున్నాడో చెబుతుంది. ఇది నాకు అప్పటికే తెలుసు. అందుకే అలవాటు అంటే నాకు మండుతుంది.

మర్నాడు పొద్దున్నే బత్తలపల్లె దాటి ఒక మలుపు ఎంచుకున్నాను. చిన్న మిట్ట ఎక్కగానే దారి ఎడమకు తిరిగి వంకలోకి దిగుతుంది. వంకలో నీళ్ళెక్కడివి, అంతా ఇసుకే. మిట్ట మీద బండి ముందు చక్రం గాల్లోకి లేస్తుందని నా అంచనా. నాకు కుడివైపు కంకర కుప్పలు. ఆ రోజు కరువు పని ఆపేశారు. మలుపు దగ్గర కాపలాకి, ర్యాలీవాళ్ళ మాటల్లో మార్షల్‌గా, ఒక స్కూలు డ్రిల్ మాస్టారిని పెట్టారు. తెల్ల నిక్కరు, నెత్తిన తుండుగుడ్డ, చేతిలో ఎర్రజెండా. ముందు దారిలో ప్రమాదం ఏదైనా ఉంటే జెండా ఊపి ఆపాలి. ఆపినా ఆగకుండా పోయినవాడు పోటీ నుంచి అవుటు. ఇదీ నియమం.

"ఏమ్మా, ఎండకు తట్టుకుంటావా?" అన్నాడు డ్రిల్ మాస్టారు.

"నాకేం సార్, మీరు చూసుకోండి. మీ తుండుగుడ్డ కంటే నా కొంగు పెద్దది" అన్నాను.

పెద్దగా నవ్వాడు. చెడ్డమనిషి కాదు. ఇది గుర్తుపెట్టుకోండి. ఎవరో చెడ్డవాళ్ళుంటే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది.

నా దగ్గర రెండు రీళ్ళే ఉన్నాయి. అంతకు ముందు, దారి నేరుగా ఉన్నచోట ఒక రీలు కార్లకే అయిపోయింది. అవన్నీ అడ్డం. మలుపు దగ్గరికి వచ్చి గంటసేపు కాచుకున్నాక సాబ్ మాట గుర్తుకొచ్చింది. అబద్ధమెందుకు, స్పష్టంగా గుర్తుకొచ్చింది. ముందు అడ్డంగా ఒకటి. ఒకే ఒకటి. కానీ మిట్ట అవతల దుమ్ము లేస్తోంది. ఆ మోత మా మెకానిక్కు బండిదే. అడ్డంగా ఒకటి తీసి, రీలు తిప్పి, కెమెరా మళ్ళీ నిలువు చేసేలోపు చక్రం గాల్లోంచి దిగిపోతుంది. అట్ట పోతుంది. మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా నిలువుగా తిప్పాను.

కెమెరా నిలువుగా పట్టినప్పుడు కుడి మోచెయ్యి పైకి లేస్తుంది. మొహానికి కుడివైపున గోడ కట్టినట్టే. ఆ గోడకు అవతల ఏం జరిగినా తెలియదు. ఆ క్షణంలో నాకు తెలియాలని కూడా లేదు.

బండి మిట్ట మీద కనిపించింది. ముందు చక్రం జానెడు పైకి లేచింది. వెనక దుమ్ము మనిషికి రెండింతల ఎత్తు స్తంభంలా నిలబడింది. నొక్కాను. రీలు తిప్పి మళ్ళీ నొక్కాను. బండి నన్ను దాటిపోయింది. ఒళ్ళంతా జల్లుమంది. తీసేటప్పుడే తెలుస్తుంది కొన్నిసార్లు, అట్టమీదిది ఇదేనని.

మరుక్షణం వంకలోంచి కేకలు. ముందు పోయిన కారొకటి, నేను కూర్చున్నచోటికి కనబడని దిగువలో, ఇసుకలో బోల్తా పడి ఉంది. పదిమంది ర్యాలీ కుర్రాళ్ళు దాన్ని లేపుతున్నారు. మలుపు తిరగ్గానే వాళ్ళను చూసి మెకానిక్కు బండిని కంపచెట్ల మీదికి తిప్పేశాడు. అంతమందినీ తప్పించాడు గానీ బండి వెనక చక్రం ఒక కుర్రాడి కాలికి తగిలింది. ఎముక విరిగింది.

నేను పరుగెత్తుకెళ్ళేసరికి ఎవరో ఎర్రగుడ్డ చించి ఆ కుర్రాడి కాలికి కట్టెతో కలిపి కడుతున్నారు. డ్రిల్ మాస్టారు జెండా పట్టుకుని రొప్పుతూ అక్కడే ఉన్నాడు. ఆయన ఏ వైపు నుంచి వచ్చాడో నేను చూడలేదు.

"ఎర్రజెండా ఊపితే నిలబడకుండా పోయినాడు! చూస్తిరా, పిల్లోని కాలు తీసినాడు!"

మెకానిక్కు మొహమంతా ముళ్ళు గీసుకుపోయి రక్తం కారుతోంది. "యాడ ఊపినావ్ సార్? కుప్పలో గుచ్చిన గుడ్డ చూసినా. దినామూ ఉండేదే కదా అని వచ్చినా. నువ్వు యాడుంటివి? మనిషిని చూసింటే నిలబడనా?"

"నేను కుప్ప పక్కనే ఉంటి. చెయ్యెత్తి ఊపితి!"

"కుప్ప పక్కన గుడ్డే ఉండె, నువ్వు లేవు!"

కుప్ప వైపు చూస్తే అక్కడ గుడ్డ లేదు. అదే చించి కాలికి కట్టారు, అంటారు కొందరు. కాదు, అది ఒకరి తలగుడ్డ, అంటారు ఇంకొందరు. ఆ గందరగోళంలో మెకానిక్కు కళ్ళు నా మీద పడ్డాయి. ఆ మొహంలో ఎంత నిశ్చింత వచ్చిందో నేను ఈ రోజుకీ మరిచిపోలేను.

"అక్క ఫోటో తీసింది గదా! ఇంగేం కావల్ల మీకు? కుప్ప, గుడ్డ, సారు, అన్నీ వచ్చింటాయి దాంట్లో. అక్కా, చెప్పు!"

"కడిగి చూద్దాం" అన్నాను.

మరునాడు పొద్దున డార్క్‌రూంలో నెగెటివ్ దీపానికి పట్టి చూశాం. రెండోదాంట్లో దుమ్మే. మొదటిదాంట్లో బండి అద్భుతంగా వచ్చింది. మనిషి, చక్రం, దుమ్ము, పైన పత్రిక పేరుకి కావలసినంత ఆకాశం. కుడి అంచున గుడ్డ పీలిక ఒకటి, అగ్గిపుల్ల మందాన. అంతే. దాన్ని చెయ్యి పట్టుకుందో కట్టె పట్టుకుందో చెప్పాల్సిన భాగం ఫ్రేము బయట ఉంది. బయట అంటే ఎంత? కెమెరా అడ్డంగా పట్టి ఉంటే లోపలికి వచ్చేంత.

సాబ్ చాలాసేపు చూశాడు. "అడ్డం ఒకటి తీస్తివా?"

"లేదు."

ఆయన నెగెటివ్ ఆరేసి బయటికి పోయి టీ చెప్పాడు. నాకూ చెప్పాడు. తిట్టి ఉంటే వాదించేదాన్ని. వాదించడం నాకు చాతనవును.

పత్రిక వచ్చింది. అట్ట నిండా మా మెకానిక్కు. లోపల అతను పోటీ నుంచి తొలగింపబడ్డాడని చిన్న వార్త. అతను అప్పీలు చేసుకున్నాడు. బెంగళూరులో ఒక క్లబ్బు హాల్లో విచారణ. నన్ను సాక్షిగా పిలిచారు. కంపెనీవాళ్ళు ఆ తీర్పు కోసమే ఆగి ఉన్నారు. నేను పూర్తి నెగెటివ్ నుంచి పెద్ద ప్రింటు తీసుకుని బస్సెక్కాను. అతన్ని ఎట్లాగైనా గెలిపించాలనే వెళ్ళాను. నమ్మండి.

బల్ల అవతల ముగ్గురు పెద్దమనుషులు. మధ్యలో ఉన్నాయన ప్రింటు చూసి ఇంగ్లీషులో అడిగాడు. నేనూ ఇంగ్లీషులోనే జవాబిచ్చాను, డిగ్రీ చదివినందుకు.

"ఇక్కడ గుడ్డ సగమే ఉంది. కెమెరా అడ్డంగా పట్టి ఉండాల్సింది కదా? మీకు పెళ్ళిళ్ళ ఫోటోల అలవాటని విన్నాను." పక్కాయన చిన్నగా నవ్వాడు.

అదిగో, ఆ కథ అప్పుడే పుట్టింది. పుట్టిన చోటే దాన్ని చంపాలనుకున్నాను. అలవాటు కాదన్నాను. ఎదురొచ్చే బండికి నిలువు ఫ్రేము ఎందుకో వివరించాను. గంట ముందే ఆ చోటు చేరుకున్నానన్నాను. "మలుపులో ప్రతి అంగుళం చూసుకున్నాకే ఫ్రేము ఎంచుకున్నాను. అక్కడ నేను గమనించనిది ఏదీ లేదు" అన్నాను. బాగా మాట్లాడాను. నా మాటలు నాకే బాగున్నాయి.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "మంచిది. అయితే రైడరు రాకముందు ఆ కంకర కుప్పలో గుచ్చిన ఎర్రగుడ్డ చూశారా?"

చూడలేదు. ఉందో లేదో నాకు తెలియదు. జిల్లాలో అందరిలాగే నా కళ్ళు కూడా ఆ గుడ్డల్ని చూడటం మానేసి ఏళ్ళయింది. ఉండే ఉంటుంది అనొచ్చు. కానీ చూశాను అని అబద్ధం చెప్పలేను.

"చూడలేదు" అన్నాను.

"ప్రతి అంగుళం గమనించిన మీరే చూడలేదంటే, అక్కడ అలాంటి గుడ్డ లేదన్నమాట. అంటే ఫోటోలో ఉన్నది మార్షల్ చేతి జెండా."

"అట్లా ఎట్లా అంటారు? నేను చూడలేదంటే లేదని కాదు..."

"అమ్మా, ఇప్పుడే కదా చెప్పారు, గమనించనిది ఏదీ లేదని."

అరిచాను. కరువు పని గుడ్డల సంగతి చెప్పాను. మా జిల్లాకు వచ్చి చూడమన్నాను. కానీ అప్పటికి ఆయన కలం మూత పెట్టేశాడు. రెండేళ్ళు పోటీల్లో పాల్గొనకూడదని తీర్పు. కంపెనీ వేరే కుర్రాణ్ణి తీసుకుంది. రెండేళ్ళయ్యాక ఆ మెకానిక్కు వైపు మళ్ళీ ఎవరూ చూడలేదు.

తిరుగు బస్సులో ఇద్దరం ముందూ వెనకా సీట్లలో కూర్చున్నాం. పెనుగొండ దాటాక అతను వెనక్కి తిరిగాడు.

"నువ్వు అబద్ధం చెప్పలేదక్కా. చూల్లేదంటే చూల్లేదు, సరే. కానీ అన్నీ చూసినా అని ఎందుకు చెప్పినావు?"

నోటి దురుసుకు పేరుమోసిన దాన్ని. ఒళ్ళో ఉన్న ప్రింటును మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాను. అతను అటు తిరిగి కిటికీకి తల ఆనించాడు. తర్వాత కూడా ఎన్నోసార్లు కనబడ్డాడు. నా స్కూటరు అతనే బాగుచేసేవాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

నాలుగైదు నెలల తర్వాత సాబ్ ఆ ఫోటోని స్టూడియో అద్దంలో పెట్టడానికి పెద్దది చేస్తున్నాడు. నాకది ఇష్టం లేదు. అయినా ఆయన వినలేదు. డార్క్‌రూంలోంచి పిలిచాడు.

"ఏమ్మా, ఇట్ల రా. ఈమె ఎవురు?"

కుడివైపు కింది మూలలో నల్లటి మచ్చ ఒకటి ఉండేది. కుప్ప నీడ అనుకుని ఎప్పుడూ పట్టించుకోలేదు. సాబ్ అక్కడ వెలుతురు తగ్గించి తీశాడు. మచ్చ విడింది. ఎగదోపిన చీర, ఒక మోకాలు. సుత్తి పట్టుకున్న చెయ్యి. ఆ చేతికి మూడు గాజులు. గుడ్డకు రెండు బారల దూరంలో ఒక ఆడమనిషి కూర్చుని రాళ్ళు కొడుతోంది. భుజం దగ్గర ఫ్రేము అయిపోయింది. మొహం బయట ఉంది.

"నీ పక్కనే ఉండింది కదమ్మా ఈమె. చూల్లేదా?" అన్నాడు సాబ్. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

మర్నాడే బస్సెక్కి ఆ మలుపు దగ్గరి ఊరికి పోయాను. బోరింగు దగ్గర బిందెలు వరస పెట్టుకున్న ఆడవాళ్ళకి ఫోటో చూపించాను. ఒక పెద్దావిడ గాజులు చూసి గుర్తుపట్టింది.

"ఆ పొద్దు పని లేదని మేస్త్రీ మాకు చెప్పినాడు. ఆమెకు చెప్పిండడు. దినామూ మాదిరే పోయింటాది."

"ఎక్కడుంది ఇప్పుడు?"

"వానల్లేక యాడ ఉంటారమ్మా? మొగుడూ పెళ్ళాం బెంగళూరికి పాయిరి, బిల్డింగు పనికి. ఏ బిల్డింగో మాకేం తెలుసు?"

"వస్తే నాకు కబురు చేస్తారా? ఆ రోజు జెండా సంగతి ఒకటి అడగాలి."

పెద్దావిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇన్నాళ్ళకు అడగను వస్తివా? ఆ పొద్దు ఆమె ఆడనే కూసోనుండె. మీరంతా అరుసుకుంటాండిరి. ఎవురన్నా ఆమెను అడిగింటే చెప్తాండె గదా."

కబురు రాలేదు. మూడుసార్లు మళ్ళీ వెళ్ళాను. నాలుగోసారి ఆ ఇంటికి తాళం కూడా లేదు, పైకప్పు దిగిపోయి ఉంది. బెంగళూరు ఎప్పుడు పోయినా కడుతున్న భవనాల దగ్గర నిలబడి ఆడవాళ్ళ చేతులు చూసేదాన్ని. మొహం తెలియదు కదా.

డ్రిల్ మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. చివరిదాకా ఊపానన్నాడు. మెకానిక్కు చివరిదాకా కుప్ప దగ్గర ఆయన లేడన్నాడు. ఇద్దరూ నిజమనుకునే చెప్పారని నా నమ్మకం. మూడో మనిషిని నేను. నాకు తెలియదు. నాలుగో మనిషికి తెలిసి ఉండొచ్చు. ఆమె తలెత్తి చూసిందో లేదో, ఏం చూసిందో, కొన్ని వందల మంది చేతుల్లో తిరిగిన ఆ ఫోటోకి తెలియదు.

ఆమెకు చదువు వచ్చి ఉండకపోవచ్చు. ఆమె పిల్లలకో మనవలకో వచ్చి ఉంటుంది. వాళ్ళలో ఎవరి కంటనైనా ఇది పడితే ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించండి. నేను అప్పుడు అడగవలసి ఉండీ అడగనిది ఇప్పుడు అడుగుతున్నాను. అమ్మా, ఆ బండి మిట్ట ఎక్కిన క్షణాన నీ పక్కన జెండా పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడా, లేక గుడ్డ ఒక్కటే ఎగురుతోందా?